ముందు ఒక పట్టీ వంచండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లోహపు షీటు వంచడం గురించే. షీటు వంచే యంత్రం, ప్రెస్ బ్రేక్, దాని ముందు నిలబడడం మొదలుపెట్టి నాకు ఇరవై ఏళ్లు దాటాయి. అందులో ఎక్కువగా చేసింది ఒకటి రెండు పీసుల పనే. కొత్త పరికరానికి మొదటి కవరు, పరీక్షకు పెట్టే బ్రాకెట్టు, ఇంకా పేరు కూడా పెట్టని యంత్రానికి ఒక ట్రే, ఇలాంటివి. వేల పీసుల పనిలో మొదటి రెండు మూడు పాడైనా తర్వాత సర్దుకోవచ్చు. ప్రోటోటైపుకి కోసిన షీటు ఒక్కటే ఉంటుంది, దాన్నే సరిగ్గా వంచాలి. ఇక్కడి జవాబులన్నీ అలాంటి పనిని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

ప్రశ్న: ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరానికి 1.5 మి.మీ. ఎమ్మెస్ (మామూలు ఉక్కు, మైల్డ్ స్టీల్) షీటుతో కవరు డిజైన్ చేశాను. టోపీ ఆకారం, మొత్తం నాలుగు వంపులు. సాఫ్ట్‌వేర్‌లో లోపలి రేడియస్ 1 మి.మీ., కె-ఫ్యాక్టర్ (వంపులో సాగని, కుదించుకోని పొర మందంలో ఎంత వంతు దగ్గర ఉందో చెప్పే అంకె) 0.44 అని ముందే ఉంటే అలాగే వదిలేశాను. అది ఇచ్చిన ఫ్లాట్ ప్యాటర్న్ (వంచక ముందు చదును షీటు ఆకారం) ప్రకారం లేజర్‌తో కోయించాను. వంచి ఇచ్చాక చూస్తే కింది అంచులు, పక్క గోడలు డ్రాయింగు ప్రకారమే ఉన్నాయి. మధ్య భాగం మాత్రం దాదాపు 2 మి.మీ. ఎక్కువ వచ్చింది. 12 మి.మీ. వి-డై (పైన నోరు 12 మి.మీ. వెడల్పున్న వి ఆకారపు గాడి దిమ్మ) వాడామన్నారు. తప్పు ఆపరేటర్‌దా, సాఫ్ట్‌వేర్‌దా?

జవాబు: ఆపరేటర్ తన పని చక్కగా చేశాడు. సాఫ్ట్‌వేర్ కూడా మీరు అడిగినదానికి సరైన లెక్కే ఇచ్చింది. చిక్కంతా మీరు అడిగిన 1 మి.మీ. రేడియస్‌తోనే. ఆ డై మీద ఆ రేడియస్ రాదు.

ఇప్పుడు చాలా షాపుల్లో చేసేది ఎయిర్ బెండింగ్. షీటు వి-డై రెండు భుజాల మీద ఆనుకుని ఉంటుంది, పంచ్ అనే పై పనిముట్టు మొన పైనుంచి నడుమ నొక్కుతుంది. షీటు డై అడుగుకి తగలదు, గాల్లోనే వంగుతుంది. అందుకని లోపలి గుండ్రదనం వి నోరు ఎంత వెడల్పుందన్న దాన్ని బట్టి వస్తుంది. ఎమ్మెస్‌కి ఆ వెడల్పులో సుమారు 16 శాతం అనుకోండి. ఎస్సెస్‌కి (స్టెయిన్‌లెస్ స్టీలుకి) 20 శాతం పైమాటే, మెత్తని అల్యూమినియానికి 13 నుంచి 15 శాతం. మీ 12 మి.మీ. వి మీద ఎమ్మెస్‌కి వచ్చేది 1.9 మి.మీ. లెక్కకి 2 అనుకుందాం.

ఇప్పుడు కాగితం తీసుకోండి. 90 డిగ్రీల వంపుకి బయటి కొలతలు రెండూ కలిపి, అందులోంచి ఎంత తీసేస్తే డెవలప్‌మెంట్ పొడవు, అంటే వంచక ముందు చదును షీటు పొడవు, వస్తుందో దాన్ని బెండ్ డిడక్షన్ అంటాం. రేడియస్‌కి మందం కలిపి, దాన్ని రెట్టింపు చేయండి. అందులోంచి వంపులో నిజంగా ఖర్చయ్యే పొడవు తీసేయండి. ఆ పొడవు కోసం మందాన్ని కె-ఫ్యాక్టర్‌తో గుణించి, రేడియస్‌కి కలిపి, 1.57తో గుణించాలి.

మీ ఫైల్లో ఉన్నట్టు చేస్తే 5 లోంచి 2.61 పోయి 2.39 వస్తుంది. అసలు జరిగింది వేరు. రేడియస్ 2, కె-ఫ్యాక్టర్ 0.42 పెట్టి చూస్తే 7 లోంచి 4.13 పోయి 2.87 వస్తుంది. ఒక్కో వంపుకి తేడా 0.48. నాలుగు వంపులకి 1.92. మీ షీటు కోసినప్పుడే అంత పొడవు ఎక్కువగా ఉంది.

ఆ తేడా అంతా మధ్యలోకే ఎందుకు చేరిందంటే, ఆపరేటర్ కింది అంచులని షీటు చివరల నుంచి బ్యాక్ గేజికి, అంటే డై వెనక కొలతకి అడ్డుగా ఉండే ఆనుకి, ఆనించి వంచాడు. కొలత చూసుకుని గేజి కాస్త సర్ది ఉంటాడు, అంచులు సరిగ్గా వచ్చాయి. తర్వాత వంచిన అంచునే గేజికి ఆనించి గోడలు లేపాడు, అవీ సరిగ్గా వచ్చాయి. మిగిలింది ఎంతైతే అంతా నడిమి భాగంలో పడింది. గేజికి ఆనని చోటే తప్పు పోగవుతుంది. అందుకని డ్రాయింగులో ఏ కొలత ముఖ్యమో, ఏది కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదో రాసివ్వండి. మీ కవరులో సర్క్యూట్ బోర్డు మధ్యలో కూర్చోవాలంటే ఆ కొలతే ముఖ్యం. అది ముందే తెలిస్తే ఆపరేటర్ మిగతా చోట్ల సర్దుతాడు.

మరోసారి ఇలా కాకుండా ఉండాలంటే ముందు ఒక పట్టీ వంచండి. ఏ షీటులోంచి పీసు కోస్తారో అందులోంచే 100 మి.మీ. పొడవు, 50 మి.మీ. వెడల్పు ఉన్న పట్టీలు మూడు కోయించండి. కోసిన అంచున మిగిలే గరుకు, అంటే బర్, ఆకురాయితో తీసేసి పొడవుని వెర్నియర్‌తో కొలిచి మార్కరుతో దాని మీదే రాయండి. లేజర్‌కి 100 ఇచ్చినా 99.9 రావచ్చు. అసలు పీసుకి వాడబోయే పంచ్, వాడబోయే డై పెట్టి నడిమధ్యన వంచండి. మూలమట్టం పెట్టి లైటుకి ఎదురుగా పట్టుకుని చూడండి, కాంతి సన్నగా కూడా దూరకూడదు. 90 డిగ్రీలు రాకుండా కొలిస్తే ఆ అంకె దేనికీ పనికిరాదు.

ఇప్పుడు రెండు కాళ్ల బయటి కొలతలూ తీయండి. వంపు గీత రెండు కొనల్లో లోహం కొద్దిగా పక్కకు ఉబ్బి ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. అక్కడ కొలవకుండా నడుమ కొలవండి. ఒకటి 51.4, ఇంకోటి 51.5 వచ్చాయనుకోండి. కలిపితే 102.9. అందులోంచి అసలు పొడవు 100 తీసేస్తే 2.9. ఆ షీటుకీ, ఆ డైకీ బెండ్ డిడక్షన్ అదే. సాఫ్ట్‌వేర్‌లో కె-ఫ్యాక్టర్ బదులు నేరుగా బెండ్ డిడక్షన్ అంకె ఇచ్చే వీలుంటుంది, అక్కడ 2.9 వేసేయండి. పట్టికల్లో ఉండే అంకె ఇంకెవరి షీటుదో, ఇంకెవరి డైదో. ఇది మీ షీటుది.

నా దగ్గర ఒక చెక్కపెట్టె నిండా ఇలాంటి పట్టీలున్నాయి. ఒక్కోదాని మీద లోహం, మందం, వి వెడల్పు, వచ్చిన అంకె రాసి ఉంటాయి. కొత్త పని రాగానే ముందు ఆ పెట్టె తెరుస్తాను. అయినా కొత్త లాటు షీటు వస్తే మళ్లీ ఒకటి వంచుతాను. 1.5 అని బిల్లులో రాసిన షీటు మైక్రోమీటర్ పెడితే 1.45 చూపించడం మామూలే.

ప్రశ్న: 2 మి.మీ. ఎమ్మెస్ బ్రాకెట్టుకి 5 మి.మీ. అంచు పెట్టాను. వర్క్‌షాపు వాళ్లు కుదరదంటున్నారు. పెద్ద మెషీన్ ఉన్న చోటికి వెళ్తే అవుతుందా?

జవాబు: మెషీన్ ఎంత పెద్దదైనా అవ్వదు. వంచేటప్పుడు అంచు చివరి దాకా వి-డై భుజం మీద ఆని ఉండాలి. ఆనకపోతే వి లోపలికి జారిపోతుంది, అంచు వంకరగా వస్తుంది, డై భుజం కూడా చెడుతుంది. కనీసం వి వెడల్పులో 0.7 వంతు అంచు ఉండాలి. 2 మి.మీ. షీటుకి మామూలుగా వాడేది మందానికి 8 రెట్లు, అంటే 16 మి.మీ. వి. దాని మీద 11 మి.మీ. కన్నా తక్కువ అంచు కష్టం.

10 మి.మీ. వి పెట్టి 7 మి.మీ. దాకా తేవచ్చు గానీ బలం చాలా పెరుగుతుంది. 16 వి మీద మీటరు పొడవు వంచడానికి 16 టన్నుల పైచిలుకు చాలు. 10 వి మీద దాదాపు 26 టన్నులు కావాలి. డై మీద మీటరుకి ఇన్ని టన్నులని అచ్చు కొట్టి ఉంటుంది, అది చూడకుండా చిన్న వి పెట్టకండి. మీ పీసు పొడవు 60, 70 మి.మీ. అయితే మొత్తం బలం తక్కువే అనిపిస్తుంది. కానీ ఆ బలమంతా డైలో ఆ కాస్త చోటే పడుతుందని మరచిపోవద్దు.

ప్రోటోటైపుకి తేలికైన దారి వేరే ఉంది. అంచు 15 మి.మీ. పెట్టి వంచండి, తర్వాత 5 మి.మీ.కి కోసేయండి. ఒక్క పీసే కదా, చేత్తో కోసి ఆకురాయి పట్టినా అరగంట పని.

వంపుకి దగ్గరగా పెట్టే రంధ్రాలదీ ఇదే కథ. వి నోట్లో పడే రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది. రంధ్రం అంచు వంపు గీతకి వి వెడల్పులో సగం కన్నా దూరంగా ఉండాలి. కుదరకపోతే వంచాక డ్రిల్ చేయండి.

ప్రశ్న: 3 మి.మీ. 6061-టి6 అల్యూమినియం వంచితే వంపు బయటి వైపు పగిలింది. ఆపరేటర్ నెమ్మదిగానే వంచాడు. కారణం ఏమిటి?

జవాబు: నెమ్మదిగా వంచినంత మాత్రాన టి6 వంగదు. టి6 అంటే వేడి చేసి, చల్లార్చి, మళ్లీ వేడిలో ఉంచి గట్టిపరిచిన స్థితి. ఆ గట్టిదనం కోసమే దాన్ని కొంటారు. గట్టిగా ఉన్నది సాగదు. వంపులో బయటి పొర సాగాల్సిందే, సాగలేక పగిలింది. 3 మి.మీ. మందానికి లోపలి రేడియస్ కనీసం మందానికి 3 రెట్లు, అంటే 9 మి.మీ. ఇవ్వాలి. అంత గుండ్రటి మొన ఉన్న పంచ్, దానికి తగ్గ వెడల్పాటి వి కావాలి.

వంచే పని ఉన్న చోట 5052-హెచ్32 అనే రకం అల్యూమినియం కొనండి. దాన్ని మందమంత రేడియస్‌కి కూడా వంచవచ్చు. మీ భాగం బరువు మోసేదైతే మాత్రం లోహం మార్చే ముందు బలం లెక్క మళ్లీ చూసుకోండి. 5052 బలం 6061-టి6 కన్నా తక్కువ. టి6నే వేడి చేసి మెత్తబరచి వంచొచ్చని కొందరు చెబుతారు. వంగుతుంది, నిజమే. కానీ ఆ చోట టి6 బలం పోతుంది. చూడ్డానికి మాత్రం ఏ తేడా కనిపించదు, నాకు భయమంతా దాని గురించే. అలాంటి బ్రాకెట్టు ఎవరైనా పైన బరువు వేలాడదీసే చోట పెడితే ఏమవుతుంది?

మీ పగిలిన ముక్కని ఒకసారి ఎండలోకి తీసుకెళ్లి చూడండి. షీటు మీద సన్నటి గీతలు ఒకే దిక్కుగా కనిపిస్తాయి. షీటుని రోలింగ్ చేసిన దిక్కు అది, గ్రెయిన్ అంటాం. వంపు గీత ఆ గీతలకి సమాంతరంగా పడి ఉంటే పగులు సులభంగా వస్తుంది. అడ్డంగా పడేలా కోయించుకోవాలి. లేజర్‌కి పంపేటప్పుడు షీటు మిగలాలని పీసుల్ని ఇష్టమొచ్చినట్టు తిప్పి అమరుస్తారు. గ్రెయిన్ దిక్కు బాణం గుర్తుతో డ్రాయింగులోనే వేయండి. ఇంకోటి, కోసిన అంచున బర్ ఉన్న వైపు వంపు లోపలికి, అంటే పంచ్ వైపుకి రావాలి. బయటికి ఉంటే పగులు ఆ బర్ దగ్గరే మొదలవుతుంది. నేను అంచుని వేలిగోటితో గీరి చూసుకుంటాను, ఏ వైపు పట్టుకుంటే ఆ వైపు బర్.

ప్రశ్న: 90 డిగ్రీలకి పెడితే ఎస్సెస్ పీసు 92, ఒక్కోసారి 93 వస్తోంది. పొడుగు పీసుల్లోనైతే నడుమ ఇంకా ఎక్కువ తెరుచుకుంటోంది. మెషీన్ పాడైందా?

జవాబు: మొదటిది స్ప్రింగ్ బ్యాక్. పంచ్ లేవగానే లోహం కొంచెం వెనక్కి తెరుచుకుంటుంది. ఎమ్మెస్‌లో ఒక డిగ్రీ లోపే ఉంటుంది, ఎస్సెస్ 304లో 2, 3 డిగ్రీలు మామూలు. అందుకే 88 డిగ్రీలకో 87కో వంచి వదలాలి. పంచ్, డై రెండూ అంతకన్నా సన్నని కోణంవి అయి ఉండాలి. సరిగ్గా 90 డిగ్రీల డైలో ఎస్సెస్‌ని ఎంత దింపినా 90కి తేవడం కష్టం. ఎస్సెస్‌కి బలం కూడా ఎమ్మెస్‌కి పట్టేదానికి ఒకటిన్నర రెట్లు లెక్క వేసుకోండి.

12 మి.మీ. వి మీద 90 డిగ్రీల దగ్గర పంచ్ 0.1 మి.మీ. ఎక్కువ దిగితే కోణం దాదాపు ఒక డిగ్రీ మారుతుంది. 0.1 మి.మీ. అంటే మనం రాసుకునే కాగితం మందం. షీటు మందంలో అంత తేడా ఉన్నా కోణం కదిలిపోతుంది. కాబట్టి ఒక్క పీసే ఉన్నప్పుడు తొందరపడకండి. 95కి వంచి, పంచ్ పూర్తిగా లేపి, కొలవండి. పంచ్ కింద నొక్కి ఉండగా కొలిస్తే స్ప్రింగ్ బ్యాక్ కనిపించదు. మళ్లీ పీసుని అదే చోట గేజికి ఆనించి కొంచెం దింపండి, మళ్లీ కొలవండి. తక్కువ వంగినదాన్ని ఇంకాస్త వంచవచ్చు. ఎక్కువ వంగినదాన్ని తెరిస్తే మచ్చ పడుతుంది, గోడ ఒంపు తిరుగుతుంది.

నడుమ తెరుచుకోవడం మెషీన్ సాగడం వల్ల. బలం రెండు చివర్ల సిలిండర్ల దగ్గర నుంచి వస్తుంది, పొడుగు పీసు వంచేటప్పుడు పై బీమూ కింది బెడ్డూ నడుమ కొద్దిగా వంగుతాయి. అక్కడ పంచ్ లోతుగా దిగదు. కొత్త మెషీన్లలో దీన్ని సరిచేయడానికి క్రౌనింగ్ అనే ఏర్పాటు ఉంటుంది. లేనివాటిలో డై కింద నడుమ కాగితం పట్టీలు పెడతాం. నడుమ మూడు పొరలు, అటూ ఇటూ రెండు, ఆ తర్వాత ఒకటి. కాగితంతో ఇంత పెద్ద యంత్రాన్ని సరిచేయడమేమిటి అనిపించవచ్చు, పైన చెప్పిన డిగ్రీ లెక్క చూస్తే తెలుస్తుంది.

ప్రశ్న: నాలుగు వైపులా గోడలున్న ట్రే చేస్తుంటే చివరి రెండు గోడలు పంచ్‌కి తగులుతున్నాయి. ఏ వరుసలో వంచాలి?

జవాబు: ఎదురెదురు గోడలు రెండు ముందు లేపండి. మిగతా రెండింటికి ఒకే ముక్కగా ఉన్న పొడుగు పంచ్ పెడితే లేచిన గోడలకి తగులుతుంది. ముక్కలుగా వచ్చే పంచ్‌లు పేర్చి, లోపలి వెడల్పు కన్నా కాస్త తక్కువ పొడవుకి అమర్చుకోవాలి. గోడ పైన లోపలికి మడిచిన అంచు కూడా ఉంటే బాతు మెడలా వెనక్కి వంగిన గూస్‌నెక్ పంచ్ కావాలి. మూలల్లో, వంపులు కలిసే చోట, రిలీఫ్ కోత (చిన్న ఖాళీ) ఇవ్వండి. వెడల్పు షీటు మందమంతైనా, లోతు మందం, రేడియస్ కలిపినంత కన్నా కాస్త ఎక్కువ ఉండాలి. ఇవ్వకపోతే మూల చిరుగుతుంది.

వరుస ముందే తెలియాలంటే ఫ్లాట్ ప్యాటర్న్‌ని ఒకటికి ఒకటి కొలతలో అట్ట మీద ప్రింటు తీసి, కోసి, మెషీన్ దగ్గరికి తీసుకెళ్లి మడిచి చూడండి. మెషీన్ ఆపి ఉంచి, అట్ట పీసుని పంచ్ పక్కన పట్టుకుంటే ఏ గోడ ఎక్కడ తగులుతుందో కంటికే కనిపిస్తుంది. చాలా డిజైన్లు ఈ అట్ట దగ్గరే మారాయి, షీటు కోసే దాకా రాలేదు.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. మా దగ్గర ప్రెస్ బ్రేక్ లేదు, 20 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్ ఉంది. ప్రాజెక్టుకి 1 మి.మీ. అల్యూమినియం చిన్న బ్రాకెట్లు నాలుగు కావాలి. అవుతాయా? జాగ్రత్తలు చెప్పండి.

జవాబు: అవుతాయమ్మా. ఆ ప్రెస్‌కి బిగించే చిన్న పంచ్, వి-డై జతలు దొరుకుతాయి. అవి లేకపోయినా 1 మి.మీ. అల్యూమినియానికి, నాలుగు పీసులకి, త్రీడీ ప్రింటర్ మీద పంచ్, డై ప్రింటు తీసుకోవచ్చు. లోపల బోలు లేకుండా నిండుగా ప్రింటు చేయండి, వెనక స్టీలు ప్లేటు దన్ను పెట్టండి. మచ్చ పడకపోవడం అదనపు లాభం. వి వెడల్పు 8 మి.మీ. పెట్టండి, అంచు 6 మి.మీ. కన్నా తగ్గించకండి. పట్టీ వంచి కొలిచే పని ఇక్కడ కూడా తప్పనిసరి, పైగా ప్లాస్టిక్ డై కొద్దిగా కుంగుతుంది కాబట్టి రెండు మూడు పట్టీలు ఎక్కువే వంచండి. కళ్లద్దాలు పెట్టుకోకుండా దగ్గరికి వెళ్లొద్దు, ప్లాస్టిక్ పగిలితే పెంకులు ఎగురుతాయి.

ఇక చేతుల సంగతి. ఇది ప్రెస్ బ్రేక్ దగ్గరికి వెళ్లే ప్రతివారికీ చెబుతాను. పంచ్‌కీ డైకీ మధ్య వేలు పెట్టకూడదని అందరికీ తెలుసు. ప్రమాదాలు ఇంకో రెండు చోట్ల కూడా జరుగుతాయి. వంగేటప్పుడు షీటు అంచు చటుక్కున పైకి లేస్తుంది, దాని మీద బొటనవేలు ఉంటే లేచిన షీటుకీ పైబీముకీ మధ్య నలుగుతుంది. వెనక గేజికి పీసు ఆనిందో లేదో వేలితో తడిమి చూడటం రెండోది. నా పక్క మెషీన్ మీద పనిచేసే ఒకాయన వేలు చిన్న పీసు వంచుతూనే పోయింది. పీసు 40 మి.మీ. పొడవు కూడా లేదు. పట్టుకోవడానికి చోటు లేక వేళ్లు డై దాకా వెళ్లాయి, కాలు పెడల్ మీదే ఉంది.

ఆ రోజు నుంచి నేను చిన్న పీసులకి తోక పెట్టిస్తున్నాను. పీసుకి కలిపి 100, 120 మి.మీ. పట్టీ ఒకటి అదనంగా కోయిస్తాను. మీ బ్రాకెట్లు చిన్నవని రాశారు కాబట్టి మీరూ అలాగే గీయండి. తోక వంపు గీతకి అడ్డంగా, మీ వైపుకి రావాలి. పీసు కలిసే చోట రెండు పక్కలా చిన్న కోత ఇస్తే తర్వాత తేలిగ్గా తెగుతుంది. వంచేటప్పుడు తోకని కింది నుంచి అరచేతి మీద ఆనించండి, బొటనవేలు పైకి రానివ్వకండి, షీటు లేచే కొద్దీ చెయ్యి దాంతోపాటే లేవనివ్వండి. ప్రెస్ హ్యాండిల్ ఇంకొకరి చేతికి ఇవ్వకండి, నొక్కేదీ పట్టుకునేదీ ఒకరే కావాలి. నాలుగూ వంచాక తోకలు కోసి ఆకురాయి పట్టండి.